బండరుద్రుడి ముద్ర

మాధవి కుర్చీలో కూర్చుంది గాని వీపు ఆన్చలేదు. మాటిమాటికీ తలుపు వైపే చూస్తోంది.

“ఈసారి చచ్చేది నేనే మేడమ్. ఎలా చస్తానో కూడా తెలుసు. లోయలో పడి.”

విశాఖలో డిటెక్టివ్ రాజకుమారి ఆఫీసుకి ఏడుస్తూ వచ్చేవాళ్లుంటారు, అరుస్తూ వచ్చేవాళ్లుంటారు. తన చావు గురించి ఇంత నెమ్మదిగా చెప్పిన మనిషిని వరహాలరావు ఇంతవరకూ చూడలేదు. పోలీసు కానిస్టేబుల్‌గా రిటైరై, కూతురి వయసున్న రాజకుమారికి అసిస్టెంటుగా చేరాడాయన. ఆవిడ బుర్ర పనిచేసే తీరు చూడ్డానికి జీతం లేకపోయినా వస్తానంటాడు.

“మొదట్నించీ చెప్పండి,” అంది రాజకుమారి.

బండరుద్రుణ్ణి వరహాలరావు ఎరుగును. జగన్నాథరావు సృష్టించిన అడవి వీరుడు. పులిచర్మం, మనిషంత కత్తి, ఎదురైన మంత్రగాణ్ణల్లా నరకడం. సెంట్రీ డ్యూటీలో తుపాకీ గోడకానించి మరీ చదివిన నవలలవి. జగన్నాథరావు పోయాక ఆ వీరుణ్ణి మళ్లీ నడిపించే పని మాధవికి అప్పగించారు. అరకు పైన కాఫీ తోటలో, పెద్దాయన రాసుకున్న ఇంట్లోనే ఉండి రాస్తోంది. ఆ ఇంటికొక ఆనవాయితీ ఉంది. అధ్యాయం పూర్తయిన సాయంత్రం వరండాలో ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాలి.

“రెండో అధ్యాయంలో బండరుద్రుడు కుడి అరచెయ్యి నెత్తుట్లో ముంచి ద్రోహి తలుపు మీద ముద్ర వేస్తాడు. చదివిన మర్నాడు నా తలుపు మీద నెత్తుటి ముద్ర. ఆ తర్వాత మంత్రగాడు గుమ్మంలో కోడితల పెట్టే ఘట్టం చదివాను. మర్నాడు నా గుమ్మంలో కోడితల, చుట్టూ పచ్చి చిక్కుడుకాయలు.”

“రాబోయే అధ్యాయంలో?”

“కథలు చెప్పే ఆడమనిషి లోయలో పడి చస్తుంది. పెద్దాయన పోయేముందు అనుకున్న కథ అదే. ఇంట్లో అందరికీ తెలుసు.”

“మరి వదిలేసి వచ్చేయొచ్చుగా?”

మాధవి తల అడ్డంగా ఊపింది. “ఇన్నేళ్లూ వేరేవాళ్ల పేర్లతో రాశానండి. నా పేరుతో వచ్చే మొదటి పుస్తకం ఇది. ఇప్పుడు పారిపోతే మళ్లీ కలం పట్టలేను.”

* * *

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ ఘాట్ రోడ్డెక్కారు. మంచు జీపు అద్దానికి దుప్పటి కప్పినట్టుంది.

“ఏటి మేడమ్ ఇది, పక్కనున్న మనిసి అవుపడ్డం లేదు,” అని గొణిగాడు వరహాలరావు.

ఇల్లు కొండ అంచున ఉంది. చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. ఎక్కడా పిట్ట చప్పుడు లేదు.

తలుపు మీది ముద్రని ఎవరూ కడగలేదు. ఎండి నల్లబడింది. వేళ్లు పైకి, బొటనవేలు కుడివైపుకి. వరహాలరావు దాని పక్కన తన అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. తనదానికన్నా పెద్దదే. గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

జగన్నాథరావు కొడుకు మణిదీప్ చిరాగ్గా వచ్చాడు. నాన్న పుస్తకాలు అచ్చువేసేది ఇప్పుడు అతనే.

“ఇందులో పరిశోధనేముందండీ? వంటమనిషి యర్రమ్మ పని. మాధవిగారు వాళ్ల కొండదేవతని కథలోకి తెచ్చారు. కోపమొచ్చి కోడిని కోసింది. సాయంత్రానికి పోలీసుల్ని పిలుస్తున్నాను.”

“నాన్నగారి నవలల్లో మీకేది ఇష్టం?”

“ఒక్కటీ చదవలేదు. కత్తులూ మంత్రాలూ నాకు పడవు. అమ్ముడవుతాయి, చాలదా?”

అతని తల్లి చిన్నమ్మలు అరుగు మీద చలి కాచుకుంటోంది. “నా పెనిమిటి పోనాడు గాని ఆ బండరుద్రుడు మాత్రం పోలేదమ్మా. ఈ గుంట బాగా రాత్తంది. పాపం, బయపడి సగమైపోనాది.”

వంటింట్లో యర్రమ్మ కళ్లు ఏడ్చి వాచిపోయి ఉన్నాయి. ఆమెని తేలిక పరచడానికి వరహాలరావు పెరటి పందిరి చూపించి, “నవనవలాడతన్నాయి సిక్కుళ్లు. మజ్జానానికి కూర సేసెయ్ సెల్లీ,” అన్నాడు.

ఆమె బెదిరిపోయింది. “ఇంకా సిక్కుడు కొత్త పండగ కాలేదు బాబూ! పండగ సేసి అమ్మోరికి పెట్టకుండా మా కొండోళ్లం కొయ్యం, ముట్టం. ఊరికంతటికీ కీడు.”

రాజకుమారి పందిరి కింద ఒకచోట తుంచిన తొడిమల్ని చూసి ముందుకి నడిచింది.

వరండా చివర సర్వేశ్వరరావు కూర్చుని ఉన్నాడు. బండరుద్రుడి ముఖచిత్రాలన్నీ గీసిన ముసలి చిత్రకారుడు. ఒక చేత్తో కాఫీ కప్పు చెవి పట్టుకుని, చూపైనా ఎత్తకుండా రెండో చేత్తో బొగ్గుముక్కతో గీస్తూనే ఉన్నాడు.

“కొత్త పుస్తకం అట్ట కోసమా?” అంది రాజకుమారి.

“కాదు. ఈసారి అట్ట కంప్యూటర్ వేస్తుందట.” కప్పు కింద పెట్టాడు. ఆ కప్పు పట్టిన చెయ్యి కుడిది.

అంతలో రాజకుమారి చివాలున కదిలింది. మాధవి కాగితాలు పట్టుకుని కొండ అంచు వైపు వెళ్తోంది. అక్కడ లోయ మీదికి కట్టిన వెదురు మంచె ఉంది. రోజూ పొద్దున ఆమె రాసుకునేది దాని మీదే.

“ఆగు మాధవీ!”

మొదటి మెట్టు మీద కాలు పెట్టిన మాధవిని రెక్క పట్టుకుని లాగేసింది. వరహాలరావు ఓ కర్రతో మంచెని గట్టిగా పొడిచాడు. కిర్రుమంది. ఒరిగింది. మొత్తం మంచులోకి జారిపోయింది. చాలాసేపటి తర్వాత గాని కింద పడిన చప్పుడు వినిపించలేదు.

మిగిలిన గుంజకి కట్టిన నారతాడు సగానికి పైగా కత్తితో కోసి ఉంది. మాధవి అక్కడే కూలబడిపోయింది.

* * *

సాయంత్రం అందర్నీ వరండాలో కూర్చోబెట్టింది రాజకుమారి.

“యర్రమ్మ కాదు,” అంది మొదటే. “కొండవాళ్ల మీదికి నెట్టాలని ఎవరో కోడితల చుట్టూ చిక్కుడుకాయలు పేర్చారు. కొత్త పండగ కాకుండా ఆ కాయ తుంచే ధైర్యం కొండమనిషికి రాదు. వాళ్ల పూజని నకలు చేసినవాడు మైదానం మనిషి.”

యర్రమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. మణిదీప్ నేలచూపులు చూశాడు.

“తలుపు మీది ముద్ర మా వరహాలరావుగారి చేతికన్నా పెద్దది. అంటే అమ్మగారిది కాదు. ఇక మిగిలింది మణిదీప్‌గారూ, సర్వేశ్వరరావుగారూ.”

“పుస్తకం ఆగిపోతే నష్టం నాకండీ!” అన్నాడు మణిదీప్.

“అవును. అదొక్కటే కాదు. మాధవి కుడి అరచెయ్యి అని రాసింది. తలుపు మీద ఉన్నది ఎడమచెయ్యి. కథని అచ్చంగా అనుకరించే మనిషి ఆ ఒక్కచోట ఎందుకు మార్చాడు? మాధవీ, బండరుద్రుడు కత్తి పట్టేది ఏ చేత్తో?”

“పెద్దాయన ఎక్కడా రాయలేదు మేడమ్. అన్నీ చదివాను. అందుకే కుడి అనుకున్నాను.”

రాజకుమారి తేలిగ్గా నవ్వింది. “పోనిద్దురూ, ఏ చెయ్యైతే ఏం? బొమ్మలదేముంది, ఎవరో ఏదో చెయ్యి గీసుంటారు. జనం చూస్తారా పెడతారా?”

“ఏ చెయ్యైతే ఏమిటా?” సర్వేశ్వరరావు కుర్చీ తన్నుకుని లేచాడు. “ఎడమచెయ్యి! ప్రతి అట్ట మీదా ఎడమచెయ్యే! నా ఈ చెయ్యే చూసుకుని, నరం నరం గీశాను! ఈ పిల్ల ఒక్క మాటతో దాన్ని నరికేసింది!”

ఊగుతున్న ఆ ఎడమచేతి వైపు అందరూ చూశారు. తానేం అన్నాడో అప్పుడు తెలిసింది ఆయనకి. మెల్లగా చెయ్యి దింపుకున్నాడు.

“ఇది పొద్దునే అనుమానించాను,” అంది రాజకుమారి. “కప్పు కుడిచేతిలో పట్టుకుని ఎడమచేత్తో గీస్తున్నారు. అట్ట మీదా కథలోనూ మీ చెయ్యి లేని పుస్తకం ఆగిపోవాలని, భయపెట్టడానికి ముద్ర వేశారు సరే. కానీ తప్పు ముద్ర వెయ్యడానికి మీకు మనసొప్పలేదు. దిద్దకుండా ఉండలేకపోయారు. మరి మంచె తాళ్లు ఎందుకు కోశారు?”

“చంపాలని కాదు.” ముసలాయన గొంతు పీలగా వచ్చింది. “పడితే చెయ్యి విరుగుతుందనుకున్నాను. రాసే చెయ్యి.”

వరహాలరావు తన కుర్చీని మాధవికీ ఆయనకీ మధ్యకి జరుపుకున్నాడు.

చిన్నమ్మలు నిట్టూర్చింది. “ఆయన నిన్ను తమ్ముడే అనుకున్నాడు గదరా. ఎంత పని సేసినావురా, సరవేసూ.”

ఆయన కుర్చీలోకి కూలబడ్డాడు. మణిదీప్ పోలీసులకి ఫోన్ చేశాడు. వాళ్లు వచ్చేదాకా వరహాలరావు ఆయన పక్కనే కాపలా కూర్చున్నాడు.

మాధవి లేచింది. కాగితాలు తీసింది. “అధ్యాయం పూర్తయింది,” అంది. “ఆనవాయితీ కదా, చదువుతాను.”

ఎవరూ వద్దనలేదు. కథలు చెప్పే ఆడమనిషిని మంత్రగాడు లోయ అంచుకి తరిమాడు. రాయి జారింది. ఆమె మంచులోకి పడిపోతోంది. యర్రమ్మ చెవులు మూసుకుంది.

మాధవి అక్కడ ఆగి, కలం తీసి ఏదో కొట్టేసి, పైన రాసింది. మళ్లీ చదివింది.

“అప్పుడు బండరుద్రుడు కత్తిని రాతిలో గుచ్చి, వంగి, ఎడమచెయ్యి చాచాడు. ఆమె చెయ్యి అందింది. పైకి లాగాడు.”

సర్వేశ్వరరావు తలెత్తలేదు. ఎడమచెయ్యి మాత్రం ఒళ్లో మెల్లగా ముడుచుకుంది, దేన్నో పట్టుకున్నట్టు.