అల్లుడి కడుపులో గడ్డ

లారీ చక్రాలు విప్పే ఇనప రాడ్డు ఒక చేతా, పటకారు ఇంకో చేతా పట్టుకుని బావగారు ఎర్రన్న గుమ్మం తొక్కేసరికి, కుమారి పొయ్యి మీద కూర అలాగే వదిలేసి తల్లి దేముడమ్మకి అడ్డంగా నిలబడిపోయింది. ఎర్రన్నంటే అలాంటిలాంటి మనిషి కాదు. జాకీ దొరక్కపోతే లోడు లారీ కింద భుజం పెట్టేస్తాడని సాలూరంతా చెప్పుకుంటారు. లారీ లేవగా చూసినవాడు లేడు గానీ, నమ్మనివాడూ లేడు. అలాంటివాడి వెనక వీధిలో మగాళ్ళు మరో నలుగురు...

ఇంత ఉపద్రవమూ తెచ్చింది ఒక గడ్డ. కుమారి మొగుడు త్రినాథ్ లారీ మీద టార్పాలిన్ కడుతూ జారిపడ్డాడు. పక్కటెముకలు విరిగాయేమోనని విజయనగరంలో స్కాన్ తీయించారు. ఎముకలు బాగానే ఉన్నాయి. క్లోమంలో మాత్రం చిన్న గడ్డ కనపడింది. అది ఒట్టి కొవ్వేననీ, ఎప్పట్నించో ఉండుంటుందనీ, ఎముకల కోసం వెతికితే ఇది బయటపడిందనీ, కొయ్యక్కర్లేదనీ చెప్పి పంపేశాడు డాక్టరు. కుమారి అంతా విన్నది. త్రినాథ్ చెవులు మాత్రం 'గడ్డ' దగ్గరే మూసుకుపోయాయి. క్యాన్సరని ఏ పెళ్ళాం మొగుడి మొహం మీద చెబుతుందిలే అని దుప్పటి ముసుగేసి ఏడుపందుకున్నాడు.

తమ్ముడి ఏడుపు చూసి అన్న ఎర్రన్న తేల్చేశాడు. విత్తనం పడకుండా మొక్క మొలవదు, ఎవరో పెట్టకుండా గడ్డ రాదు. ఇది చిల్లంగి, చేతబడే! పెట్టినదెవరు? అల్లుడికి బాగోలేదని బొబ్బిలి నుంచి వచ్చి వండిపెడుతున్న అత్త. పొద్దస్తమానం పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపల ఏదో గొణుగుతూనే ఉంటుంది... మంత్రం కాక మరేమిటి? చేతబడి చేసినవాళ్ళ పళ్ళు ఊడగొడితే మంత్రం పలకదని ఆ వాడలో చంటిపిల్లలకీ తెలుసు.

"తప్పుకో కుమారీ. దీని పళ్ళు పీకేస్తేనే నా తమ్ముడు బతుకుతాడు."

"అది కొవ్వు బావా. డాక్టరు సెప్పినాడు. ముందు నన్ను కొట్టు, తరవాత మా యమ్మని ముట్టుకో."

రాడ్డు లేచింది. కుమారి అడ్డం పెట్టిన కుడిచెయ్యి ఎండుకట్టెలా విరిగింది. ఆ చప్పుడు మంచం మీదున్న త్రినాథ్‌కీ వినపడింది... అయినా లేవలేదు. ఎర్రన్న రాడ్డు పారేసి ఆ ముసలిదాన్ని జుట్టు పట్టి నేలకేసి కొట్టాడు, గుండెల మీద మోకాలు పెట్టాడు, నోట్లో పటకారు దూర్చి ఒక్క గుంజు గుంజాడు.

పై పళ్ళన్నీ, ఎర్రటి చిగుళ్ళతో సహా, ఒక్కసారే ఊడి చేతికొచ్చేశాయి!

అంతటి ఎర్రన్నా కెవ్వుమని పటకారు పారేశాడు. వెనకున్న నలుగురూ చెప్పులొదిలేసి పరుగు. అందులో ఒకడు గరివిడి దాకా ఆగలేదంటారు. అంత కాకపోయినా, సాలూరు పొలిమేర దాటడం మాత్రం ఖాయం.

అవి కట్టుడు పళ్ళు. వదులైపోయి జారుతుంటే నాలుకతో నెట్టుకుంటూ ఉండేది దేముడమ్మ. అల్లుడి ముందు బోసినోరు బయటపడడం సిగ్గని పమిట అడ్డం. మంత్రం అంతవరకే. పెదవి చీలి నోరంతా రక్తం కారుతుంటే, ఆ తల్లి పాక్కుంటూ ముందు పమిట చెంగు కోసం తడుముకుంది... అల్లుడు చూస్తున్నాడని.

అప్పుడు లేచాడు త్రినాథ్. కింద పడ్డ రాడ్డు తీసి అన్న భుజం మీద ఒక్కటిచ్చాడు. ఎర్రన్న గడప అవతల పడ్డాడు.

చేతికి సిమెంటు కట్టు వేయించుకుని, బావ మీద పోలీసు కేసు పెట్టి, కుమారి తల్లితో బొబ్బిలి వెళ్ళిపోయింది. త్రినాథ్ మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఈసారి చివరిదాకా విని, అటునుంచటే అత్తవారింటికి వచ్చి అరుగు కింద కూర్చున్నాడు. అది కొవ్వేనట అన్నాడు.

"కొవ్వు కాకపోయుంటేటి బాబూ? నన్ను సంపనిచ్చీవోడివా?" అనడిగింది దేముడమ్మ.

"ఇచ్చీవోడినే అత్తా..." అన్నాడు వెక్కుతూ. అన్న మీద కోర్టులో సాక్ష్యం తానే చెబుతానన్నాడు.

దేముడమ్మ కూడా కళ్ళొత్తుకుంది. అబద్ధమాడని నోటికి అన్నం పెట్టొచ్చునని, కాళ్ళు కడుక్కోమంది. తినడానికి కూర్చుని అతను పెళ్ళాం వైపు చూశాడు. కుమారి ఎడమచేత్తో నీళ్ళ గ్లాసు పెట్టింది.

"మా యమ్మది పెద్ద మనసు. నాకింకా అంత లేదు. నా చెయ్యి ఇరిగిన సప్పుడు నీకినిపించింది. తినేసి ఒక్కడివే ఎల్లు."

అతను ఏడుస్తూనే తిన్నాడు. మళ్ళీ వస్తానన్నాడు వెళ్తూ వెళ్తూ. రమ్మనీ అనలేదు కుమారి, వద్దనీ అనలేదు.