పౌలోస్ పిలిచిన పులులు

మూడు రోజుల ముసురు తర్వాత ఆ ఉదయం ఆకాశం తూర్పు వైపు కాస్త చిరిగింది. ఆ చిరుగులోంచి ఎండ కాఫీ మొక్కల మీద పడీపడనట్టు పడుతోంది. మళ్ళీ కురుస్తుందో, కురవదో చెప్పడం కష్టం.

జిన్సి పాల క్యాను పట్టుకుని సొసైటీకి బయలుదేరింది. అమ్మకు టౌన్‌లో ఆసుపత్రి డ్యూటీ. ఇంట్లో ఉన్నది అమ్మమ్మ ఒక్కతే. జిన్సి ఆమెను అమ్మచ్చి అంటుంది.

పెరట్లో వెనక గది దాటుతుంటే మాటలు వినబడ్డాయి. ఆ గదిలో పౌలోస్ ఉంటాడు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక, వానలకు ముందు అద్దెకు దిగాడు. మాట తక్కువ మనిషి. రోజూ నల్ల సంచి ఒకటి భుజాన వేసుకుని వెనక వాలులోకి దిగుతాడు. మోకాళ్ళకు బురదతో తిరిగొస్తాడు. ఆ సంచిలో ఏముందో ఎవరికీ తెలియదు. జిన్సి మొదటి నుంచీ అతని మీద ఓ కన్నేసే ఉంచింది.

పౌలోస్ ఫోన్లో గొంతు తగ్గించి అంటున్నాడు: “నిన్ననే మెడలు విరిచి పెట్టాను. ఈ ఎండ నిలిస్తే చాలు, ఆ వాసనకి పులులు గుంపుగా దిగుతాయి. ఎవరితోనూ అనకు. జనం వస్తే పని చెడుతుంది.”

జిన్సి చేతిలో క్యాను మూత గణగణమంది. ఆమె పరుగెత్తింది.

పోయిన నెలే పక్క ఊళ్ళో పులి దూడను ఎత్తుకుపోయింది. ఫారెస్టు వాళ్ళు బోను పెట్టినా దొరకలేదు. అలాంటి చోట పులుల్ని పిలుస్తాడా? అసలు మెడలెవరివి? పాలు పోసి రాగానే జిన్సి కోళ్ళ గూట్లోకి తొంగి చూసింది. బొల్లి పెట్ట లేదు.

అంతా విని అమ్మచ్చి మెడలోని శిలువను పట్టుకుంది.

“నీ చెవులతో విన్నావా?”

“విన్నాను అమ్మచ్చీ. మెడలు విరిచానన్నాడు.”

పౌలోస్‌ను అడగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. మిరియాలు పోసుకోవడానికి గది కావాలి, సాయంత్రానికి ఖాళీ చెయ్యమని మాత్రం చెప్పి వచ్చింది. మిరియాల కోతకు ఇంకా నెలలున్నాయని పౌలోస్‌కూ తెలుసు. అయినా ఎందుకని అడగలేదు. అక్కను పిలిచినట్టు “సరే చేచ్చీ” అని అటక మీంచి పెట్టె దించాడు. సర్దిన పెట్టెను గుమ్మంలో పెట్టి, నల్ల సంచితో వాలులోకి దిగాడు.

జిన్సి అతని వెనకాలే వెళ్ళింది. నాలుగు బొల్లి ఈకలు దొరికితే చాలు, ఊరందరికీ చూపించవచ్చు.

వాలు చివర, కాయలు ఎండితే గలగలమనే గిలక్కాయల మొక్కలున్నాయి. అక్కడ పౌలోస్ బురదలో బోర్లా పడుకుని, ముఖానికి కెమెరా ఆనించుకుని ఉన్నాడు.

“పరిగెత్తకు పిల్లా. పులులు లేచిపోతాయి” అన్నాడు తల తిప్పకుండానే.

జిన్సి ఉన్నచోటే ఆగింది. “ఎక్కడ?”

“నీ మోకాలి దగ్గరే.”

చూసింది. కొన్ని మొక్కల కాడలు పైభాగంలో విరిగి, తలలు వేలాడుతున్నాయి. వాడిన ఆ తలల మీద ఆకులకంటే ఎక్కువగా సీతాకోకచిలుకలు. నల్లటి రెక్కల మీద లేత నీలం చారలు.

“నీలపులి అంటారు వీటిని. నిలువునా పచ్చగా ఉన్న మొక్క మీద ఇలా మూగవు. మెడ విరిగి వాడిందంటే చాలు, రసం పీల్చడానికి దిగుతాయి.”

జిన్సికి అనుమానం పూర్తిగా తీరలేదు. ఈసారి అడిగేసింది. “మరి ఫోన్లో ఎవరు?”

“మా కండక్టరు సుకుమారన్. పాపం, చూపు తగ్గింది. ఫోటో పెద్దది చేసి చూపిస్తుంటాను.” పౌలోస్ లేచి కూర్చున్నాడు. “ఘాట్ రోడ్డులో ఇవి బస్సు అద్దానికి కొట్టుకుని రాలిపోయేవి. టైమైపోతోందని ఎప్పుడూ ఆపలేదు. ఇప్పుడు ఆగుతున్నాను. బాగుంది.”

కెమెరా ఆమె చేతికిచ్చాడు. జిన్సి ఊపిరి బిగబట్టి చూసింది. ఒక నీలపులి సన్నటి తొండం చాచి, వాడిన కాడను తడుముతోంది. తల నిండా తెల్లటి చుక్కలు. ఇన్నేళ్ళూ పక్కనే ఎగిరినా ఆ చుక్కలు తనకెప్పుడూ కనబడలేదు.

పక్క కాఫీ పొదలో ఏదో గుర్రుమంది. కొమ్మ తప్పించి చూస్తే బొల్లి పెట్ట. గుడ్ల మీద కూర్చుని, ముట్టుకుంటే పొడుస్తానన్నట్టు చూస్తోంది.

“పౌలోసప్పచ్చా,” తాతను పిలిచినట్టు అంది జిన్సి కెమెరా తిరిగిచ్చేస్తూ. “మీరు కోడిని చంపి నిజం పులుల్ని పిలుస్తున్నారని అమ్మచ్చికి చెప్పింది నేనే. నేను విన్నది సగమే.”

పౌలోస్ కెమెరాను నల్ల సంచిలో పెట్టాడు. “అయితే మిరియాలు రావడం లేదన్నమాట” అన్నాడు. అతని మీసం కింద నవ్వు కదిలింది.

జిన్సి ఇంటికెళ్ళి అమ్మచ్చికీ అదే చెప్పింది. తర్వాత గుమ్మంలోని పెట్టెను ఈడ్చుకుంటూ లోపలికి తీసుకుపోయి, మంచం కిందికి నెట్టింది. వంటింట్లో మూడో పళ్ళెం పెట్టి, పౌలోస్‌ను పిలుచుకొచ్చింది.

ఉడికిన కర్రపెండలం, ఎర్రటి చేపల పులుసు. అమ్మచ్చి ఆయన ముఖం చూడలేక, పెద్ద ముక్క ఏరి ఆయన పళ్ళెంలో వేసింది. పౌలోస్ దాన్ని విరిచి, సగం జిన్సి పళ్ళెంలో పెట్టాడు.

ముగ్గురూ కూర్చుని తిన్నారు.