చేతులు కడుక్కున్న నేరం

"మీరు మనిషా, నోటీసు బోర్డా?"

కౌంటరు అద్దానికి అవతల నిలబడ్డ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న అది. ఇవతల కూర్చున్న గుమస్తాకి దీనికి జవాబు ఏ రూలులోనూ దొరకలేదు. అందుకని కళ్ళజోడు సర్దుకుని, ఆపిన చోటి నుంచి మళ్ళీ అందుకున్నాడు.

"ఒకే ప్రాక్టికల్‌లో వరసగా రెండుసార్లు ఫెయిలైన విద్యార్థిని పేరు రోల్ నుంచి తీసేస్తారు. ఏడాది లోపు రీఅడ్మిషన్‌కి ఒక్కసారే అప్లై చేసుకోవచ్చు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేవాలి. ప్రవర్తన బాగుందని ఎవరైనా పెద్దమనిషి రాసివ్వాలి. తర్వాత కమిటీ ముందు స్కిల్ టెస్ట్. అందులోనూ ఫెయిలైతే..."

"ఫెయిలైతే?"

"ఇంక ఈ కాలేజీలో మీకు చదువు లేదు. ఎప్పటికీ."

"అబ్బ, ఎంత చల్లగా చెప్పారండీ! ఫ్యాన్ కింద కూర్చుంటే ఇలాగే ఉంటుందేమో."

ఆ నర్సింగ్ కాలేజీ విద్యా విభాగంలో ఈ కుర్రాడికి 'రూల్ బుక్' అని పేరు. ప్రిన్సిపల్ మేడమ్‌కి సందేహం వస్తే ఇతన్నే పిలుస్తుంది. జవాబు నచ్చకపోతే తిట్టేదీ ఇతన్నే. టిఫిన్ డబ్బా మూత తియ్యడానికి కూడా లంచ్ బెల్లు కోసం చూసే రకం. ఇలాంటివాడికి ప్రేమ ఎలా పుడుతుందని మీరు అడగొచ్చు. అందరికీ పుట్టినట్టే. కాస్త తిట్లు తిన్నాక.

ఇక ఆ అమ్మాయి సంగతి. మూడో సంవత్సరంలో, గాయానికి కట్టు కట్టే ప్రాక్టికల్‌లో తప్పింది. చేతకాక కాదు.

ఆ కాలేజీలో ప్రాక్టికల్స్ జరిగే ల్యాబ్ పై అంతస్తులో ఉంది. అందులో తళతళలాడే సింకూ, దాని మీద వంపు తిరిగిన కుళాయీ ఉన్నాయి. లేనిదల్లా నీళ్ళే. ప్రారంభోత్సవం నాడు తప్ప ఆ కుళాయిలో చుక్క రాలేదని సీనియర్లు చెప్పుకుంటారు. అందుకని పరీక్షలో ఒక పద్ధతి పడిపోయింది. అమ్మాయిలు సింకు ముందు నిలబడి, గాలిలో అరచేతులు రుద్దుకుని, "చేతులు కడుక్కున్నాను మేడమ్" అని గట్టిగా అంటారు. ఎగ్జామినర్ మార్కులు వేసేస్తుంది. ఆ చేతులతోనే బొమ్మకి కట్టు కడతారు. బొమ్మకి చీము పట్టదు కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

మన అమ్మాయి మాత్రం నిజంగా కడుక్కోవడానికి కింద అంతస్తుకి పరిగెత్తింది. తడి చేతులు పైకెత్తి పట్టుకుని, ఒగురుస్తూ మెట్లెక్కి వచ్చేసరికి బెల్లు కొట్టేశారు. రెండోసారి ఇంకా గట్టిగా పరిగెత్తింది. బెల్లు ఈసారి కూడా ముందే మోగింది. అప్పటి నుంచి కాలేజీలో ఆమె పేరు 'కుళాయి'.

"రెండోసారైనా ఆ ఒక్క ముక్కా అనేసి ఊరుకోవచ్చుగా?" అన్నాడు రూల్ బుక్. ఇది రూలులో లేని మాట. ఎందుకన్నాడో అతనికే తెలియదు.

"కడుక్కోకుండా కడుక్కున్నానని ఎలా అంటానండీ?"

"అందరూ అంటున్నారుగా."

"అందుకే మీ కౌంటరు దగ్గర రద్దీ లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను. సరే, ఈ టెస్టుకి ప్రాక్టీసు ఎక్కడ చెయ్యాలి?"

"ల్యాబ్‌లో."

"నన్ను రానిస్తారా?"

"విద్యార్థినులకే ప్రవేశం."

"విద్యార్థిని అవ్వాలంటే?"

"టెస్టు పాసవ్వాలి."

"పాసవ్వాలంటే?"

"ప్రాక్టీసు..." అని రూల్ బుక్ ఆగిపోయాడు. పేజీ వెనక్కి తిప్పాడు. ముందుకి తిప్పాడు. ఎక్కడా దారి లేదు.

"ఇది రాసినాయన ఎవరో గాని, దండ వెయ్యాలి" అంది అమ్మాయి. నవ్వుతూనే అంది గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కాగితాలు సంచీలో కుక్కుకుని వెనక్కి తిరిగింది.

"ఏమండీ!" అని కేక వినపడింది. ఎవరా అని రూల్ బుక్ చూస్తే కేక వేసింది తనే. "మా నానమ్మ కాలు విరిగింది. ఆపరేషన్ అయింది. రోజూ కట్టు మార్చాలి. మా అమ్మకి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. నాకు మా అమ్మ పోలిక."

అమ్మాయి అతన్ని పైనుంచి కిందికి చూసింది. "మీ ఇంట్లో నీళ్ళు వస్తాయా?"

"వస్తాయి."

"అయితే రేపట్నుంచి వస్తాను."

నానమ్మకి నోరు తప్ప ఒళ్ళంతా మంచానికి అతుక్కుపోయి ఉంది. అమ్మాయి మోచేతుల దాకా సబ్బు పట్టించి, వేళ్ళ సందులు రుద్ది, గోళ్ళు రుద్ది, మళ్ళీ మొదటి నుంచీ రుద్దుతుంటే చూసి చూసి విసిగిపోయింది.

"ఏమ్మాయ్, విరిగింది నా కాలా, నీ చెయ్యా?"

"మీ కాలే నానమ్మా. కాసేపు ఓపిక పట్టండి."

"ఒరేయ్, ఈ పిల్ల మన ట్యాంకు ఖాళీ చేసేస్తుందిరా!" అని మనవడి మీద అరిచింది. కట్టు పూర్తయ్యాక మాత్రం గొంతు తగ్గించింది. "చెయ్యి భలే తేలికరా. నువ్వు దుప్పటి కప్పినా నా ప్రాణం మీదికొస్తుంది."

రూల్ బుక్ గుమ్మం దగ్గర నిలబడి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. గోడకి అద్దం ఉంది. అందులో గాయం కనపడలేదు గాని, కట్టు కట్టే మనిషి చక్కగా కనిపించింది. పెదవి మునిపంట పట్టి, కనుబొమలు దగ్గరికి తెచ్చి, లోకంలో ఆ కాలు తప్ప ఇంకేమీ లేనట్టు పని చేస్తోంది. రోజూ ఆ వేళకి అతనికి గోడ వైపు తిరగడం అలవాటైపోయింది. నానమ్మకి తెలియదనుకున్నాడు, పిచ్చి సన్నాసి.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. బస్టాపు దాకా దిగబెట్టమని నానమ్మ మనవణ్ణి తరిమింది. గొడుగు ఒకటే. మర్యాద కొద్దీ అతను దాన్ని పూర్తిగా ఆమె వైపే పట్టి, తను వానలో నడిచాడు.

"గొడుగు మీదే కదా, మీరూ లోపలికి రండి" అంది.

"పర్లేదండీ."

"జ్వరమొస్తే నానమ్మ పక్కన ఇంకో మంచం వేసి మీక్కూడా నేనే చెయ్యాలి."

ఆ మాట విన్నాక ఇంకో అడుగు పక్కకి జరిగి మరీ తడిశాడు. అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వు ఆగాక, "ఆ ముక్క ఎందుకు అనలేదని అడిగారు కదా ఆ రోజు" అంది.

"అవును."

"సెకండియర్‌లో వార్డులో ఒకావిడ ఉండేది. కాన్పు ఆపరేషన్ అయింది. కుట్లకి చీము పట్టింది. బిడ్డ పక్కనే ఏడుస్తుంటే లేచి ఎత్తుకోలేక, గోడకేసి తల కొట్టుకునేది. ఆవిడకి కట్టు మార్చినవాళ్ళందరం చార్టులో 'చేతులు కడుక్కున్నాం' అనే రాశాం. ఆ రోజు వార్డులో నీళ్ళు లేవు. నేనూ రాశాను."

రూల్ బుక్ నడక నెమ్మదించింది. వాన మాత్రం ధారగా కురుస్తోంది.

బస్టాపు వచ్చేసరికి అతను అసలు సంగతి బయటపెట్టాడు. "ఒక రూలు ఉందండీ. 'విద్యా విభాగం ఉద్యోగులు విద్యార్థినులతో వ్యక్తిగత స్నేహాలు పెట్టుకోరాదు.'"

"ఇప్పుడు నేను విద్యార్థినిని కాదుగా."

"కాదు. అందుకే గొడుగు పట్టాను."

"పాసైతే?"

"అప్పుడు అవుతారు."

అమ్మాయి బస్సు మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది. "అంటే నేను ఫెయిలైతేనే మీకు లాభం. చాలా బాగుందండీ మీ రూలు!"

ఇంటికెళ్ళాడు. తడిసిన చొక్కా పిండుతుంటే నానమ్మ మంచం మీది నుంచే అడిగింది. "ఏరా, ఆ పిల్ల ఫెయిలవ్వాలని గాని కోరుకుంటున్నావా?"

"ఛీ ఛీ, లేదు నానమ్మా."

"మరి మొహం అలా ఎందుకు పెట్టావు?"

అతను చొక్కా దండెం మీద ఆరేశాడు. ఒక్క క్షణం కోరుకున్న మాట నిజం. అందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

టెస్టు రోజు వచ్చింది. కమిటీలో ముగ్గురు: ప్రిన్సిపల్ మేడమ్, పాత ఎగ్జామినర్, ఆస్పత్రి నుంచి వచ్చిన పెద్ద సర్జన్. బల్ల మీద బొమ్మ, సింకు మీద కుళాయి, ఎవరి జాగాలో వాళ్ళు ఉన్నారు. పేరు పిలిచి తలుపు బయట నిలబడటం రూల్ బుక్ డ్యూటీ.

"ఈసారైనా బుద్ధిగా ఆ ముక్క అనేసి మొదలుపెట్టు" అంది ప్రిన్సిపల్ మేడమ్.

"కొంచెం నీళ్ళు ఇప్పించండి మేడమ్."

"బాటిల్ తెచ్చుకోలేకపోయావా?"

"ఎగ్జామ్ హాల్లోకి బయటి వస్తువులు తేకూడదని గేటు దగ్గర లాక్కున్నారు మేడమ్."

"టైము మొదలైంది" అంది ఎగ్జామినర్.

అమ్మాయి మెట్ల వైపు చూసింది. ఈసారి పరిగెత్తితే చదువు అక్కడితో ఆఖరు. పరిగెత్తకపోతే ఆ అబద్ధం ఆడాలి. అరచేతులు గాలిలోకి ఎత్తి, మళ్ళీ దించేసింది.

తలుపు ధడేలుమంది. పేరు పిలవగానే కిందికి దిగిపోయిన రూల్ బుక్ లోపలికొచ్చాడు. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో మగ్గు, జేబులో సబ్బు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"ఏంటిది?" అని అరిచింది ప్రిన్సిపల్ మేడమ్.

"అభ్యర్థి బయటి వస్తువులు తేకూడదు మేడమ్. ఉద్యోగి తేకూడదని లేదు."

"పరీక్ష జరుగుతుంటే ఉద్యోగి లోపలికి రాకూడదని ఉంది కదా!"

"ఉంది మేడమ్. అది నేను తప్పుతున్నాను."

పుట్టి బుద్ధెరిగాక అతను తప్పిన మొదటి రూలు అది. అయినా మగ్గు మాత్రం సరిగ్గానే వంచాడు. అమ్మాయి మోచేతుల దాకా సబ్బు పట్టించింది, వేళ్ళ సందులు, గోళ్ళు, అన్నీ రుద్దింది. సగం మెట్లమీదే ఒలికిపోగా మిగిలిన నీళ్ళు ఖచ్చితంగా సరిపోయాయి. బెల్లు మోగేసరికి బొమ్మ కాలికి కట్టు పడిపోయింది. మడతల్లో ఒక్క ముడత లేదు.

పెద్ద సర్జన్ లేచి వెళ్ళి కుళాయి తిప్పి చూశాడు. "మరి మిగతా పిల్లలందరూ ఎక్కడ కడుక్కుంటున్నారమ్మా?" అని అడిగాడు. ఎగ్జామినర్‌కి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

అమ్మాయిని పాస్ చేశారు. సోమవారం నుంచి రీఅడ్మిషన్. కుళాయి సంగతి పరిశీలించడానికి ఇంకో కమిటీ వేశారు.

మెట్ల మీద అమ్మాయి అతన్ని ఆపింది. "నేను ఫెయిలైతే మీకు లాభం కదా. మరి ఎందుకు తెచ్చారు?"

"ఏడుస్తూ ఇంటికెళ్ళిపోయే మీరు నాకొద్దండీ" అన్నాడు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. మీరు నర్సవ్వడం అంతకంటే ఇష్టం."

 అమ్మాయి యాప్రాన్ అంచుతో కళ్ళు ఒత్తుకుంది. "నాకూ ఇష్టమే. గోడ వైపు తిరిగి అద్దంలో చూస్తారు కదా, అప్పట్నుంచే."

"తెలుసా మీకు?"

"అద్దంలో నాక్కూడా మీరు కనపడతారు కదండీ! సరే, కోర్సు అయ్యేదాకా ఆగగలరా?"

"పెండింగ్‌లో పెట్టడంలో మా సెక్షన్‌ని మించినవాళ్ళు లేరు" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వారే గాని, ఎదురుగా ఉండి పలకరించుకోకుండా అన్నాళ్ళంటే మాటలా! మెట్లు దిగేటప్పుడు ఇద్దరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి.

సోమవారం సూపరింటెండెంట్ అతని చేతికి ఒక ఆర్డరు ఇచ్చాడు. పరీక్ష గదిలోకి చొరబడినందుకు శిక్ష. 'నీళ్ళ మీద ఇంత శ్రద్ధ ఉన్న ఉద్యోగిని తక్షణం విద్యా విభాగం నుంచి తొలగించి, నీళ్ళూ మరమ్మతుల విభాగానికి మార్చడమైనది' అని ప్రిన్సిపల్ మేడమ్ స్వయంగా రాసింది.

"ఏం చేస్తాం బాబూ, నీ ఖర్మ. ఇంక పైపులు పట్టుకు తిరగాలి" అన్నాడు సూపరింటెండెంట్ జాలిగా.

రూల్ బుక్ ఆర్డరు ఒకసారి చదివాడు. 'విద్యా విభాగం నుంచి తొలగించి' అన్న చోట ఆగాడు. ఇంకోసారి చదివాడు. ఒక్కసారిగా సూపరింటెండెంట్‌ని కావలించుకుని, డబ్బా మూత తీసి, లంచ్ బెల్లుకి ముందే తినడం మొదలుపెట్టాడు. పాపం, కుర్రాడికి మతి పోయిందని సెక్షనంతా అనుకుంది.

సాయంత్రం కట్టు మార్చడానికి అమ్మాయి కొత్త యూనిఫాంలో వచ్చింది. "నా వల్లే కదా మిమ్మల్ని పీకేశారు" అని గుమ్మంలోనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"స్నేహం పెట్టుకోకూడదన్న ఆ రూలు ఎవరికండీ?" అన్నాడు అతను.

"విద్యా విభాగం ఉద్యోగులకి."

"నేను ఏ విభాగం?"

"నీళ్ళూ మరమ్మతుల..." అంటూండగానే అమ్మాయికి అర్థమైంది. మరుక్షణం మంచం మీదున్న నానమ్మ దగ్గరికి పరిగెత్తి, ఆవిణ్ణి వాటేసుకుంది.

"కాలు, కాలు!" అని అరిచింది నానమ్మ. అంతా విన్నాక ఇద్దర్నీ దగ్గరికి లాక్కుని, చెరొక చెంపా నిమిరింది. "చదువు పూర్తి చెయ్యి తల్లీ. ఆ తర్వాతే పెళ్ళి. ఒరేయ్, మొదటి పెళ్ళికార్డు మాత్రం మీ ప్రిన్సిపల్‌కే ఇవ్వాలి. సంబంధం కుదిర్చింది ఆవిడే కదా!"