మూడో కుర్చీ ప్రేక్షకుడు

ఆ నాటకాల హాల్లో ముందు వరస మూడో కుర్చీకి టికెట్ అమ్మరు. లైట్లార్పాక మడిచి ఉన్న ఆ సీటు దానంతటదే కిర్రుమని తెరుచుకుంటుందట… ఎవరో వచ్చి కూర్చున్నట్టు. అది చూసిన వాచ్‌మన్ ఒకడు చెప్పులు కూడా వదిలేసి లగెత్తాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

బొమ్మలమ్మాయికి ఆ సంగతి తెలుసు. కానీ ఆ రాత్రి ఆమె భయం వేరు. నిక్షేపంలాంటి గుమాస్తా ఉద్యోగం మానేసి పెదాలు కదపకుండా బొమ్మని మాట్లాడించే ఆటే బతుకుతెరువనుకుంది మరి! "ఇంత వయసొచ్చి బొమ్మలతో ఆటలేమిటే?" అని తల్లి తల పట్టుకుంది. హాలు యజమాని అయితే మొహం మీదే అనేశాడు — "నీ బొమ్మనెవరు చూస్తున్నారు? అందరూ కదిలే నీ పెదాలే చూస్తున్నారు. పొద్దున్న ఇంకొక్కసారి చూస్తా. అప్పుడూ ఇంతే అయితే ఇంటికెళ్లిపో."

అందుకే ఒక్కతే నల్లబట్టలు వేసుకుని, ముసలమ్మ బొమ్మని చేతికి తొడుక్కుని, గుడ్డి దీపం వెలుతుర్లో సాధన చేస్తోంది.

కిర్ర్…

మూడో కుర్చీ తెరుచుకుంది.

ఆమె కాళ్లు కదల్లేదు. చెయ్యి మాత్రం అలవాటుకొద్దీ కదిలింది. చప్పుడైన వైపు ముసలమ్మ తల తిప్పి చూసింది.

"ఏం వదినా…" చీకట్లోంచి ఓ ముసలి గొంతు గుసగుసలాడింది. "నువ్వెప్పుడు పోయావు?"

బొమ్మలమ్మాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. మరుక్షణం ఒళ్లంతా పులకరించింది. వదినా అన్నది తనని కాదు, బొమ్మని! దెయ్యం తన పెదాల వంక చూడనే లేదు!

"ఇంకా పోలేదు నాయనా," అంది ముసలమ్మ వణుకుతూ. ఆ వణుకు నటన కాదుగానీ, బొమ్మకి భలే అతికింది. "పొద్దున్న నాకు పరీక్ష."

"ఈ వయసులోనా?" అని దెయ్యం తెగ నొచ్చుకుంది.

తెల్లారేదాకా ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకున్నారు. దెయ్యానికి మోకాళ్లెక్కడివని ఆమె అడగలేదు.

పొద్దున్నే యజమాని వచ్చి, హాల్లో లైట్లార్పించి, అదే వరసలో ఐదో కుర్చీలో కూర్చున్నాడు. ఆట మొదలైన కాసేపటికే ఆవులించాడు. "చాల్లే అమ్మాయ్. మళ్లీ నీ పెదాలే—"

కిర్ర్…

"ష్! పెద్దావిడ మాట్లాడుతుంటే మధ్యలో ఏమిటా గోల?"

యజమాని మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. మెల్లగా… మెల్లగా పక్కకి చూశాడు. కుర్చీ తెరిచే ఉంది. అందులో ఎవరూ లేరు.

వేదికవైపు తిరిగాడు. బొమ్మలమ్మాయిని చూడలేదు. ఆమె పెదాలూ చూడలేదు. ముసలమ్మ కళ్లలోకే చూస్తూ, రెండు చేతులూ జోడించి అడిగాడు —

"మామ్మగారూ… ఎవరండీ అది?"