కొత్త బ్రష్

ఉదయం ఎనిమిదిన్నరకి మూడేళ్ల బాబు కుడి చెయ్యి పడిపోయింది. కాసేపటికి మాట పోయింది. ఐసీయూలో తల్లిని కాపలా పెట్టి తండ్రి నేరుగా స్టేషన్‌కి వచ్చాడు.

"ఆయా తలమీద కొట్టింది. అరెస్ట్ చెయ్యండి."

ఇన్‌స్పెక్టర్ అతనితోపాటే ఆ ఇంటికి వెళ్లింది. ఆయా వంటింటి గుమ్మం పక్కన నేలమీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కన్నీళ్లు ఇంకిపోయాయి.

"కొట్టావా?"

"లేదమ్మా. బొమ్మ అందుకోబోయాడు, చెయ్యి లేవలేదు. నిన్నటి నుంచీ ముద్ద మింగడం లేదని మొత్తుకుంటూనే ఉన్నా. మారాం చేస్తున్నాడన్నారు."

ఇన్‌స్పెక్టర్‌కి కోపం రాలేదు, జాలీ రాలేదు. పిల్లల కేసులు చూసీ చూసీ మనసు మొద్దుబారింది. తలమీద దెబ్బ ఆనవాలే లేదని దారిలోనే డాక్టర్ ఫోన్‌లో చెప్పాడు. మెదడులో ఒక పక్కకి రక్తం అందడం లేదట. ఎందుకో అంతుచిక్కడం లేదట.

ఆవిడ గదులన్నీ చూసింది. బాత్రూంలో ఆగింది. పెద్దవాళ్ల బ్రష్‌లు అరిగిపోయి ఉన్నాయి. పిల్లాడిది మాత్రం కొత్తది.

"ఇదెప్పుడు కొన్నారు?"

"మొన్న. పాతది కిందపడితే పారేశాను," అన్నాడు తండ్రి.

"ఎలా పడింది?"

అతను నసిగాడు. వెనకే వచ్చిన బాబు నాయనమ్మ అందుకుంది.

"తండ్రీకొడుకులకి రోజూ పరుగు పందెమేనమ్మా. నోట్లో బ్రష్ పెట్టుకుని ఇల్లంతా చక్కర్లు. అలా అయితేగానీ ఆ వెధవ పళ్లు తోమనివ్వడు."

"మొన్న పడ్డాడా?"

"బోర్లా పడ్డాడు," అన్నాడు తండ్రి. "కాస్త రక్తం వచ్చింది. ఐస్ పెట్టాను. ఐదు నిమిషాల్లో నవ్వేశాడు. అది మొన్నటి సంగతి మేడమ్!"

ఇన్‌స్పెక్టర్ వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఆయన బాబు నోరు తెరిపించి చూశాడు. మెడకి స్కాన్ తీయించాడు.

సాయంత్రం ఐసీయూ బయట ఇన్‌స్పెక్టర్ అందరికీ చెప్పింది.

"అంగిలి వెనక చిన్న గాయం ఉంది. దాని పక్కనే మెదడుకి వెళ్లే పెద్ద రక్తనాళం. పడ్డప్పుడు బ్రష్ కొన దాన్ని నలిపింది. పైన పుండు మానుతుంటే లోపల రక్తం గడ్డకట్టింది. అందులో ఓ ముక్క ఇవాళ మెదడుకి చేరింది. కారణం తెలిసింది కాబట్టి మందు మొదలుపెట్టారు. చెయ్యి వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేరట."

ఆయావైపు తిరిగింది. "నువ్విక ఇంటికెళ్లు."

తండ్రి రెండు చేతులూ ముందుకి చాపాడు. "నామీద రాయండి కేసు."

"ఏ సెక్షన్ కింద? కొడుకుతో ఆడుకుంటే కేసు లేదండీ."

ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

ఆయా ఇంటికి వెళ్లలేదు. బయటికొచ్చిన నర్సుని ఆపింది.

"ఏమైనా మింగాడామ్మా?"

"ఇంకా లేదు."

తండ్రి వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు.