తిట్టని బంధువు

"చేప తాజాదేనా?" అని అడగాలి. "నిన్నటి అల కన్నా తాజాది" అని జవాబు రావాలి. ఏజెంట్ నలభై ఒకటికి ఈ సంకేతవాక్యం మీద ఎన్నడూ గౌరవం లేదు. డాకర్ నగరంలోని సుంబెదియూన్ రేవులో చేపలమ్మే ప్రతి మనిషీ ఇంచుమించు ఆ మాటే అంటాడు. ఆ కారణంగా అతడు లోగడ రెండుసార్లు అపరిచితుల దగ్గర చేప కొని, గదికి తీసుకుపోయి, ఒక్కడే వండుకుని తిన్నాడు.

ఈసారి జవాబు చెప్పింది నిజంగానే డైరెక్టర్ మరేమ్ గేయ్. బుట్ట ముందు చతికిలబడి, చేప పొలుసు గీస్తూనే బ్రీఫింగ్ ముగించింది. తొమ్మిది చిన్న పార్టీల కూటమి తన అభ్యర్థుల జాబితాను రేపు, శుక్రవారం, సాయంత్రం ఐదులోగా ఎన్నికల కార్యాలయంలో అందజేయాలి. అందకపోతే కూటమి పోటీలో ఉండదు. సముద్రగర్భంలోని గ్యాస్ ఒప్పందాన్ని బయటపెడతామని ప్రజలకు మాట ఇచ్చింది ఆ కూటమి ఒక్కటే. బయటపడకూడదని కోరుకుంటున్నది ఒక విదేశీ ముఠా. ఆ ముఠా మనిషి కూటమి కార్యాలయంలోనే ఉన్నాడు.

"ఎవరు?"

"తెలీదు. రమాతా కాన్ మన మనిషే. ఆమెను నమ్ము."

అతడు చేప కొనకుండానే లేచాడు.

కూటమి కార్యాలయంలో అతడి పేరు యెరో లామ్. పద్నాలుగు నెలలుగా అక్కడ జిరాక్సు యంత్రం నడుపుతూ, బొగ్గుల కుంపటి మీద టీ కాస్తున్నాడు. అసలు పేరు బీరమ్ బఖూమ్. ఆ పేరుతో అతణ్ణి ఎవరైనా పిలిచి పదకొండేళ్ళయింది.

ఆ తొమ్మిది పార్టీలలో కొన్నింటి సభ్యులందరూ ఒకే టాక్సీలో పడతారు. వారిని ఒక్కచోట నిలిపిన మనిషి లాతిర్ బఖూమ్, రిటైరైన భూగోళం మాస్టారు. ఎవరు ముందు సంతకం చేయాలన్న తగవు తీర్చడానికే ఆయనకు పది నెలలు పట్టింది. గుండె బలహీనం. ఇంకో ఐదేళ్ళు ఆగే ఓపిక తన దేహానికి లేదని ఆయనే చెబుతూ ఉంటాడు.

మాస్టారు సెరేర్ జాతివాడు; బఖూమ్ అన్నది సెరేర్ ఇంటిపేరు. లామ్, కాన్ అన్న ఇంటిపేర్లు పులార్ వాళ్ళవి. ఈ రెండు జాతుల మధ్య తాతల నాటి వేళాకోళపు బంధుత్వం ఒకటుంది. ఎదురుపడితే ఒకరినొకరు బానిసా అని తిట్టుకోవాలి. కోపగించుకోకూడదు. ఊరుకోనూ కూడదు.

శుక్రవారం మధ్యాహ్నం నాయకులందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని చేపలన్నం తింటుండగా మాస్టారు తల ఎత్తాడు.

"ఒరే బానిసా, టీ ఏదిరా? అన్నం వాసన తగిలితే మీ లామ్‌లకు ఒళ్ళు తెలీదు."

"గిన్నె అడుగు నాకి పెరిగిన సెరేర్లా మాకు చెప్పేది? మీ తాతను మా తాత పెరుగుముంతకు కొన్నాడు మాస్టారూ, రశీదు కూడా ఉంది."

అందరూ నవ్వారు. బీరమ్ కూడా నవ్వాడు. సొంత తాతనే ఇలా పెరుగుముంతకు అమ్మడం అతడికి అలవాటైంది. అయినా ప్రతిసారీ లోపల ఏదో ఒకటి ఒంటరిగా లేచి, బయటకు పోయి వచ్చేది.

మాస్టారు రమాతా వైపు తిరిగాడు. నీలిమందు బూబూ అంగీలో, సన్నని అత్తరు వాసనతో, ఆమె దస్త్రాలు సర్దుతోంది. "నువ్వు కూడా నా బానిసవే గదమ్మా, ఓ పలుకు పలకవేం?"

"మీరు పెద్దవారు. మీరెలా అంటే అలాగే." ఆమె వినయంగా తల వంచింది.

విదేశాల్లో చదివిన పిల్ల, మర్యాదస్తురాలు అని అందరూ అనుకున్నారు. బీరమ్ కూడా మొదట అలాగే అనుకున్నాడు. ఒక్క పరిశీలన రుజువు కాదు. కాని ఇది మూడోది. సరిపోల్చడానికి వీధి చివర పల్లీలమ్మే పులార్ అవ్వ ఉంది. మాస్టారు ఆమెను ఒక్కమాట అంటే, పల్లీలు పొట్లం కట్టేలోగా నాలుగు తిరిగి వచ్చేవి. ముఠా తరఫున శిక్షణ ఇచ్చినవాళ్ళు రమాతాకు భాష నేర్పారు, వంశవృక్షం నేర్పారు. పెద్దలకు ఎదురు చెప్పరాదని కూడా నేర్పి ఉంటారు.

రెండున్నరకు సంతకాలు మొదలయ్యాయి. తొమ్మిదిమంది చేతిలోనూ రమాతా తన కలమే పెట్టింది. అందరి దగ్గరా తిరిగి తీసుకుని సంచిలో వేసుకుంది. లకోటా మీద తొమ్మిది లక్క ముద్రలు పడ్డాయి. ఆమె కలం విదిలించినప్పుడు ఒక నీలి చుక్క టీ పళ్ళెం కింది కాగితం మీద రాలింది.

మొదటి విడత టీకి ఆ చుక్క నీలంగానే ఉంది. రెండో విడతకు వెలిసింది. మూడో విడతకు కాగితం తెల్లబడింది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు సోకితే రంగు కోల్పోయే సిరా ఉంటుందని బీరమ్‌కు తెలుసు. క్షారం తగిలితే రంగు తిరిగి రావాలి. కుంపటి బూడిద నీళ్ళలో కలిపి వేలితో అద్దాడు. నీలం తిరిగి వచ్చింది.

అప్పటికి నాలుగు దాటి ఐదు నిమిషాలు. కారు సిద్ధమని రమాతా తొందరపెడుతోంది. బీరమ్ మాస్టారిని వంటగదిలోకి పిలిచి, లకోటా విప్పమన్నాడు. ఆ పరీక్ష మళ్ళీ చేసి చూపించాడు.

"ఒక్క ముద్ర పగిలితే తొమ్మిదిమందీ మొదటికొస్తారు. టీ కాచేవాడి గారడీ చూసి విప్పాలా? అసలు నువ్వెవరివిరా?"

జవాబు ఒక్కటే ఉంది. అది చెబితే మారుపేరు చచ్చిపోతుంది.

"ఆమె కాన్ కాదు మాస్టారూ. ఒక్కసారైనా మిమ్మల్ని తిట్టిందా?"

"నువ్వు తిట్టావుగా. రోజూ తిట్టావు."

"నేర్చుకుని తిట్టాను. నేనూ లామ్‌ని కాను. ప్రభుత్వ మనిషిని. బీరమ్ బఖూమ్‌ని. ఫాతిక్ దగ్గర మా ఊరు."

మాస్టారు ఉల్లిపాయల కత్తి అందుకుని ముద్రలు తెగ్గోశాడు. అచ్చయిన పేర్లున్నాయి. పేర్ల పైన ఏమీ లేదు.

పది నెలల తగవు మళ్ళీ లేవబోయింది. మాస్టారు బల్ల మీద కొట్టి, బడిలో హాజరు వేసినట్టు అక్షరక్రమంలో పిలవసాగాడు. మాజీ మంత్రి ఒకాయన సహా అందరూ లేచి వచ్చి, బీరమ్ జేబులోని మామూలు బాల్‌పెన్నుతో సంతకం చేశారు. జాబితా ఎన్నికల కార్యాలయం కిటికీలోంచి లోపలికి వెళ్ళినప్పుడు ఐదుకు రెండు నిమిషాలు తక్కువ.

రమాతాను, బీరమ్ కబురంపగా వచ్చిన డైరెక్టర్ మనుషులు కారు దగ్గరే పట్టుకున్నారు. తానెక్కడ దొరికిపోయానని ఆమె బీరమ్‌ను అడిగింది.

"మర్యాదగా ఉన్నావు."

ఆమె నవ్వలేదు. తిట్టేవాళ్ళు లేని మనిషిని అతడు అంత దగ్గరగా చూడడం అదే మొదలు. అద్దంలో తప్ప.

అతడు తిరిగి వచ్చేసరికి కార్యాలయంలో మాస్టారు ఒక్కడే ఉన్నాడు. టీ తానే కాచి, గ్లాసు రెండు చేతులా అందించాడు.

"కూర్చోండి, బఖూమ్ గారూ. మీకు నేను చాలా రుణపడ్డాను."

బఖూమ్ బఖూమ్‌ను బానిసా అనడానికి ఏ తాతా అనుమతి ఇవ్వలేదు. బీరమ్ నోటిదాకా ఒక తిట్టు వచ్చి ఆగిపోయింది. ఇప్పుడది నిజంగానే తిట్టు అవుతుంది. పదకొండేళ్ళ తరువాత తన పేరు తాను విన్నాడు. టీ తాగి, చెప్పులు వేసుకున్నాడు.

బస్సులో ఉండగా డైరెక్టర్ సందేశం వచ్చింది. కొత్త పేరు ఆదివారం అందుతుందట. ఇంకొకటి: ఆరు గంటలకు కూటమిలో ఒక పార్టీ రెండుగా చీలిందట. దీని వెనుక విదేశీ హస్తం ఉందేమో తక్షణం తేల్చాలట.

బీరమ్ జవాబు రాశాడు: "లేదు. ఇది పూర్తిగా స్వదేశీ తయారీ."