పై గదిలో టక్... టక్...

ఆ మేడమీది గదికి మంచి పేరు లేదు.

వీధిలో ఎవరినడిగినా ముందు గొంతు తగ్గిస్తారు. అక్కడ ఉండే ముసలాయన ఒకడు రేడియో వింటూ వింటూ కుర్చీలోనే పోయాడట. మర్నాడు తలుపు పగలగొట్టేదాకా రేడియో పాడుతూనే ఉందట. ఆ తర్వాత చేరినవాళ్ళెవరూ అక్కడ నిలదొక్కుకోలేదు. ఫ్యాను కాలిపోయిందని ఒకరు, టీవీలో బొమ్మ నిలవడం లేదని ఇంకొకరు సామాను సర్దుకున్నారు. ఆ గదిలో కరెంటు వస్తువు బతకదని చివరికి అందరూ తేల్చేశారు.

అలాంటి గదిలోకి, కొత్త కంప్యూటరు వెంటబెట్టుకుని మరీ, టైపు అమ్మాయి దిగింది.

ఎవరెవరివో మాటలు చెవిలో పెట్టుకుని విని, అక్షరం పొల్లుపోకుండా టైపు చేయడం ఆమె పని. మీటింగులు, ఉపన్యాసాలు, ఇంటర్వ్యూలు... పగలు ఆఫీసులో అదే, రాత్రి ఇంట్లో అదే. చెవుల నిండా జనం. తనతో మాట్లాడే మనిషంటూ ఉంటే కింది వాటాలో ఇంటావిడ ఒక్కతే. అదీ నీళ్ళ మోటారు గురించి.

కంప్యూటరు వచ్చిన మొదటి రాత్రే తెర మీద వరస సగంలో ఉండగా — టప్!

ఆరిపోయింది. దీపం వెలుగుతూనే ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. చచ్చింది అదొక్కటే. ఆమె గుండె చేత్తో పట్టుకుని మీట నొక్కింది. ఏమీ ఎరగనట్టు లేచింది. కాసేపటికి మళ్ళీ... టప్.

అలా రోజూ. ఇన్నిసార్లని లేదు, ఇప్పుడే అని లేదు.

మెకానిక్ దాన్ని షాపుకి మోసుకెళ్ళి, వారం తిరక్కుండానే మోసుకొచ్చాడు.

"మీ కంప్యూటరుకి ఏ రోగమూ లేదమ్మా. నా దగ్గర పొద్దస్తమానం నడిచింది. ఒక్కసారి తుమ్మితే ఒట్టు."

"ఇక్కడ మాత్రం నేను కూర్చోగానే చస్తోందండీ."

ఆయన ఆమె కుర్చీలోనే కూర్చుని, టీ తాగుతూ సాయంత్రమంతా అందులోనే పేకాట ఆడాడు. అది బుద్ధిమంతురాల్లా నడిచింది. ఆయన మెట్లు దిగాడో లేదో, ఆమె కుర్చీలో సర్దుకుందో లేదో... టప్.

మెట్ల మీద ఇంటావిడ ఎదురైంది. "ఏం అమ్మాయీ, రాత్రుళ్ళు పైన ఏం దంచుతున్నావు?"

"నేనా? టైపు కొట్టుకుంటున్నా, పెద్దమ్మగారూ."

"టైపు చప్పుడు నాకు తెలీదనుకున్నావా? సరిగ్గా నా మంచం నెత్తిన... టక్, టక్, టక్... కాసేపు ఆగుతుంది. మళ్ళీ టక్, టక్..." ఆవిడ గొంతు తగ్గింది. "పోయినాయన కూడా అంతే. చేతికర్ర నేలకేసి కొట్టేవాడు."

"ఊరుకోండి, భయపెట్టకండి."

"నేనెక్కడ భయపెట్టానే? అద్దె ఇచ్చేదానివి నువ్వు. నిన్ను వెళ్ళగొట్టుకుంటానా?"

ఆ రాత్రి ఆమె దీపం ఆర్పకుండా పడుకుంది. గదిలో ఏ చప్పుడూ లేదు.

అదే రోజుల్లో పిన్ని పార్సెల్ పంపింది. పాత పెట్టె సర్దుతుంటే ఒక క్యాసెట్ దొరికిందట. ఫోనులో పిన్ని చెప్పింది. "మీ అమ్మదే! నీకు కథ చెబుతుంటే మీ నాన్న దొంగచాటుగా టేపు పట్టాడు. నువ్వే ఉంచుకో. జాగ్రత్త, టేపు పొట్టు పొట్టు రాలుతోంది. ఎక్కువసార్లు వేస్తే తెగుతుందని ఇక్కడి షాపతను చెప్పాడు."

అమ్మ పోయేనాటికి ఆమెది ఇంకా పలక పట్టే వయసు. ఫోటోల వల్ల ముఖం మిగిలింది. గొంతు మిగల్లేదు. ఊళ్ళోవాళ్ళ గొంతులన్నీ విని రాసిపెట్టే మనిషికి, కన్నతల్లి గొంతు ఎలా ఉంటుందో తెలీదు.

టేపు తెగేలోపు దాన్ని కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. ఎక్కితే ఉన్నట్టు. లేకపోతే... అంతే.

వీధి సద్దుమణిగాక, బ్యాటరీలతో నడిచే పాత టేప్‌రికార్డరు బల్ల మీద పెట్టింది. దాని ముందు కంప్యూటరు మైకు పెట్టింది. కిటికీ మూసి, ఫ్యాను కట్టేసింది. ఊపిరి బిగబట్టి బొత్తం నొక్కింది.

సర్‌ర్‌ర్... అని ముందు వాన లాంటి హోరు.

తర్వాత, చాలా దూరం నుంచి — "అనగనగా ఒక పిల్లి. దానికి చీకటంటే భయం."

"పిల్లికి భయమేంటమ్మా?" ఎవరో చిన్నపిల్ల. ఆ పిల్ల తనే అని తట్టడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది.

"ఎందుకుండదూ? దానికీ అమ్మ ఉందిగా, పక్కన లేకపోతే భయం..."

కథ సాగింది. వెనకాల ఏదో చప్పుడు మొదలైంది. టక్... టక్... టక్... కర్ర మీద కర్ర తగిలినట్టు. ఇంటావిడ చెప్పిన చప్పుడే అది. అమ్మ కథ ఆపేసింది. అప్పుడు అమ్మ గొంతు మారిపోయింది. గట్టిగా, చెవి పక్కనే ఉన్నట్టు —

"ఊఁ!"

టప్.

తెర నల్లబడింది. ఆమె చెయ్యి చటుక్కున టేపు ఆపేసింది. ఎక్కినదంతా పోయింది.

పెన్సిలు దూర్చి, టేపుని మెల్లిగా వెనక్కి చుట్టింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. పిల్లి. చీకటి. టక్, టక్...

"ఊఁ!"

టప్.

తర్వాతి రాత్రీ అంతే. ఇన్నాళ్ళూ దాని ఇష్టం వచ్చినప్పుడు చచ్చిన కంప్యూటరు, ఇప్పుడు సరిగ్గా ఆ ఒక్క చోటే చస్తోంది. ఆ మాట ఆవలికి పోనివ్వడం లేదు. ఆ చోటి నుంచే మొదలుపెడితే పోలా అన్న ఆలోచన రాకపోలేదు. కానీ ఆ గదిలో, ఒంటరిగా, ఆ 'ఊఁ' వెనక ఏముందో వినడానికి ధైర్యం చాల్లేదు. చుట్టిన ప్రతిసారీ పెన్సిలుకి గోధుమరంగు పొట్టు అంటుకుంటోంది.

పొద్దున్నే షాపుకి వెళ్ళి, సిగ్గు విడిచి, మెకానిక్‌కి అంతా చెప్పింది. నవ్వుతాడనుకుంది. ఆయన నవ్వలేదు.

"ఆగిపోగానే మీరేం చేస్తారు?"

"లేస్తాను. టేపు ఆపుతాను. మీట నొక్కుతాను."

"అదీ సంగతి. దొంగ దొరక్కుండా మీరే తలుపు తీస్తున్నారు. ఈసారి ఆగిపోతే చిటికెనవేలు కూడా కదపకండి. ఎలా ఉన్నవాళ్ళు అలాగే బిగుసుకుపోండి. కళ్ళు మాత్రం తిప్పి చూడండి. మేం రిపేర్లో మొదట చేసేది అదే."

"టేపు అరిగిపోతుందండీ..."

"ఒక్కసారికి తెగదులే, తల్లీ."

ఆ రాత్రి ఆమె మళ్ళీ కూర్చుంది. పిల్లి. చీకటి. టక్... టక్... టక్...

"ఊఁ!"

టప్.

ఆమె బిగుసుకుపోయింది. నల్లని తెరలో తన ముఖమే తనని చూస్తోంది. బల్ల మీద టేపు తిరుగుతూనే ఉంది. ఎన్నడూ దాటని చోటు... దాటింది.

"కాళ్ళు ఊపొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఆఁ... అలా. వెనక్కి పెట్టుకో. బుద్ధిగా కూర్చో."

ఆమె కళ్ళు మెల్లిగా కిందికి దిగాయి.

కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకుని ఉన్నాయి. పాదం మీద పాదం, చిన్నపిల్లలా. ఎడమ మడమ వెళ్ళి నేల మీది ప్లగ్గుబోర్డుకి ఆనుకుని ఉంది. కొత్త కంప్యూటరు కొన్నది గానీ, బోర్డు మాత్రం ముందు అద్దెకున్నవాళ్ళు వదిలేసిపోయినదే వాడుకుంది. ఆ ఒత్తిడికి కంప్యూటరు ప్లగ్గు అందులో వదులై పక్కకి ఒరిగిపోయి ఉంది; మడమ తీస్తే మళ్ళీ సర్దుకుంటుంది. బల్ల చెక్కకి, కాలి బొటనవేలు తగిలే చోట, రంగు లేచిపోయింది.

ఇంటావిడ నెత్తిన టక్ టక్ అన్నది ఎవరో ఆమెకి అప్పుడర్థమైంది. ఆలోచన మొదలైతే కాళ్ళు ఊపుతుంది. చెవుల్లో ఎవరివో మాటలుండగా ఆ చప్పుడు తనకి వినపడదు. ఊపుతూ ఊపుతూ ఠక్కున ముడుచుకుంటుంది. ఎందుకు ముడుచుకుంటుందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు. ఎవరూ చెప్పలేదు కూడా. పక్కన కూర్చుని చూసేవాళ్ళుంటేగా!

టేపులో కథ అయిపోయింది. పిల్లి నిద్రపోయింది. ఆమె మటుకు చాలాసేపు కదల్లేదు. ఇప్పుడు కదలకపోవడం మెకానిక్ చెప్పాడని కాదు.

తర్వాత లేచి, బోర్డు తీసి బయట పడేసింది. బల్లని గోడ దగ్గరికి జరిపి, ప్లగ్గుని గోడకే గట్టిగా బిగించింది. పెన్సిలుతో టేపు చుట్టి, కాళ్ళు కుర్చీ మీదికి మడిచి కూర్చుని, చివరిసారి వేసింది. మొదటి నుంచి చివరి దాకా ఎక్కింది. ఒక సీడీ మీద కూడా దించుకుంది. అమ్మ ఇక ఎక్కడికీ పోదు.

గది ఒక్కసారిగా ఖాళీ అయినట్టుంది. దెయ్యమైనా లేదు.

ఆమె కాళ్ళు కిందికి దించింది. మెల్లిగా, కావాలనే, ఊపింది.

టక్... టక్... టక్...

ఆగి, చెవులు రిక్కించింది.

ఎవరూ ఏమీ అనలేదు. కిటికీ అవతల వీధి నిద్రపోతోంది. కింద ఇంటావిడ కూడా దగ్గలేదు.

ఇంకాస్త గట్టిగా ఊపింది. టక్... టక్... టక్... టక్...

తెర ఆరిపోయింది.

ప్లగ్గు గోడకి గట్టిగానే ఉంది. దీపం వెలుగుతూనే ఉంది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే తెర దానంతటదే ఆరిపోతుందని ఆమెకి తెలియక కాదు... మెకానిక్ మొదటి రోజే చెప్పాడు.

అయినా ఆమె కాళ్ళు ముడుచుకుంది. పాదం మీద పాదం వేసుకుని, బుద్ధిగా.